రోమకూపాలు పెద్దవిగా కనిపిస్తున్నాయి: ఆరు వారాలుగా సీరం వాడుతున్నాను, కొనసాగించమంటారా?

ప్రశ్న (రాజమహేంద్రవరం ఉపాధ్యాయిని)

అందరికీ నమస్కారం. నా వయసు 34 సంవత్సరాలు, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. చిన్నప్పటి నుంచి నాది జిడ్డు చర్మమే. ఇంటర్మీడియట్ రోజుల్లో బుగ్గల మీద మొటిమలు విపరీతంగా వచ్చి, డిగ్రీ పూర్తయ్యేసరికి వాటంతట అవే తగ్గిపోయాయి. అయితే ముక్కు మీదా, ముక్కుకు రెండు పక్కలా బుగ్గల మీదా ఉన్న రంధ్రాలు మాత్రం ఏటేటా మరింత స్పష్టంగా కనిపిస్తూ వస్తున్నాయి. ఈ మధ్య పాఠశాల వార్షికోత్సవంలో దగ్గరగా తీసిన ఒక ఫొటోలో నా బుగ్గ కమలాపండు తొక్కలా కనిపించినప్పుడు నిజంగా చాలా బాధ కలిగింది.

దాంతో అంతర్జాలంలో అందరూ మెచ్చుకుంటున్న సీరం ఒకటి తెప్పించుకున్నాను. అందులో 10 శాతం నియాసినమైడ్, 1 శాతం జింకు ఉన్నాయని సీసా మీద రాసి ఉంది. 30 మిల్లీలీటర్ల సీసా ఆరు వందల రూపాయలు అయింది. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి చొప్పున ఆరు వారాలుగా రాసుకుంటున్నాను. త్వరగా ఫలితం కనిపించాలని దీనితో పాటు శాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్‌తో రోజుకు రెండుసార్లు ముఖం కడుగుతున్నాను, ఆదివారం నాడు సున్నిపిండితో నలుగు పెట్టుకుంటున్నాను, వారానికి రెండు రోజులు ఆవిరి పట్టి వెంటనే ఐసు ముక్కతో రుద్దుతున్నాను. ఆవిరికి రంధ్రాలు తెరుచుకుంటాయని, ఐసుకు మూసుకుంటాయని మా ఇంట్లో అందరూ చెబుతారు.

మొదటి రెండు వారాలు బాగానే ఉంది. మధ్యాహ్నం మూడో పీరియడు అయ్యేసరికి ముక్కు మీద మెరిసే జిడ్డు తగ్గినట్టు నాకే తెలిసింది. నాలుగో వారం నుంచి మాత్రం ముఖం కడిగిన వెంటనే చర్మం బిగుసుకుపోతున్నది, సీరం తగలగానే బుగ్గలు చురుక్కుమంటున్నాయి, ముక్కు పక్కన ఎర్రబడి సన్నగా పొట్టు రేగుతున్నది. రంధ్రాలు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. కొన్నిచోట్ల "మొదట పాడైనట్టు కనిపించి తర్వాత బాగుపడుతుంది, ఆపవద్దు" అని చదివాను. ఇది అదేనా, లేక ఈ సీరం నాకు పడలేదా? అసలు రంధ్రాలను చిన్నవి చేయడం ఏ సీరంకైనా సాధ్యమేనా? ఎన్ని వారాలు చూసి ఒక నిర్ణయానికి రావాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (హైదరాబాదు, సౌందర్య సాధనాల తయారీలో పనిచేస్తున్న రసాయన శాస్త్రజ్ఞుడు)

మేడమ్ గారూ, ముందుగా చేయవలసిన పని చెబుతాను, కారణాలు ఆ తర్వాత చెబుతాను. ఈ రాత్రి నుంచే సీరం, శాలిసిలిక్ ఫేస్‌వాష్, నలుగు, ఆవిరి, ఐసు అన్నీ ఆపివేయండి. రెండు వారాల పాటు నురగ తక్కువగా వచ్చే, సువాసన కలపని మెత్తని ఫేస్‌వాష్, సాదా మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ మాత్రమే ఉంచండి. మీరు చెప్పిన బిగుతు, చురుకు, పొట్టు, ఈ మూడూ చర్మం పైపొర దెబ్బతిన్నదనడానికి గుర్తులు. మొదట పాడై తర్వాత బాగుపడటం అనేది రెటినాయిడ్ల (ఎ విటమిన్ కుటుంబానికి చెందిన పూతమందుల) వంటివి వాడినప్పుడు కనిపిస్తుంది, ఎందుకంటే అవి చర్మకణాలు రాలిపోయే వేగాన్ని పెంచి, లోపల తయారవుతున్న మొటిమలను ముందుగానే పైకి తెస్తాయి. నియాసినమైడ్ అలా పనిచేయదు. కాబట్టి మీకు వచ్చింది చర్మపు చికాకే తప్ప మంచికి సూచన కాదు.

ఇక రంధ్రాల సంగతి. మన పత్రికలు వీటిని "స్వేద రంధ్రాలు" అని రాయడం వల్ల పెద్ద పొరపాటు జరుగుతున్నది. చెమట గ్రంథుల నోళ్లు ఎంత సూక్ష్మమైనవంటే అవి అద్దంలో మనకు కనిపించవు. మీకు ముక్కు మీద కనిపిస్తున్నవి రోమకూపాల నోళ్లు. ఒక్కో సన్నని వెంట్రుక కుదురుకూ ఒక నూనె గ్రంథి అతికి ఉంటుంది, అది తయారుచేసే సీబం అనే నూనె ఆ కుదురు గుండానే పైకి వస్తుంది. మన పెద్దలు పెట్టిన "రోమకూపం" అన్న మాటే ఇక్కడ శాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. ఇది నిజంగా ఒక చిన్న బావి. బావి గట్టుకు తలుపు లేనట్టే దీని నోటికీ తెరుచుకుని మూసుకునే కండరం లేదు. చలికి వెంట్రుకలు నిక్కబొడుచుకునేలా చేసే చిన్న కండరం ఒకటి కుదురుకు ఉన్న మాట నిజమే, కానీ అది వెంట్రుకను లేపుతుందే తప్ప రంధ్రాన్ని మూయదు. ఆవిరి వల్ల లోపలి జిడ్డు కొంత మెత్తబడుతుంది, ఐసు వల్ల చుట్టూ ఉన్న చర్మం కొద్దిసేపు బిగుసుకుంటుంది, అంతకు మించి ఏమీ జరగదు.

రోమకూపం నోరు పెద్దదిగా కనిపించడానికి ప్రధానంగా మూడు కారణాలు చెబుతారు: నూనె ఎక్కువగా ఊరడం, వెంట్రుక కుదురు సహజంగానే పెద్దదిగా ఉండటం, చుట్టూ పట్టి ఉంచే కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు వయసు వల్లా ఎండ వల్లా సడలిపోవడం. వీటిలో మొదటిదాని మీద సీరం కొంత పనిచేయగలదు. రెండోది పుట్టుకతో వచ్చేది, దాని మీద ఏదీ పనిచేయదు. మూడోదాని విషయంలో ఎండ నుంచి కాపాడుకోవడమే అన్నిటికన్నా పెద్ద మందు. మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే, రంధ్రాన్ని తీసివేసే సీరం ఏదీ లేదు. దాని నోట్లో పేరుకున్న జిడ్డును, రాలిన కణాలను తగ్గించి అది తక్కువగా కనిపించేలా చేసేవి ఉన్నాయి. ఆ తేడా మీ కంటికి తెలిసేంత ఉండవచ్చు, మూడడుగుల దూరంలో నిలబడినవారికి తెలియకపోవచ్చు.

మీ సీరంలో ఉన్న నియాసినమైడ్ బి3 విటమిన్ రూపాలలో ఒకటి. ఈ విటమిన్‌కు మన నేలతో ఒక సంబంధం ఉంది, అందుకే ఇక్కడ కొద్దిగా పక్కకు వెళుతున్నాను. ఇది ఆహారంలో లోపిస్తే పెల్లగ్రా అనే జబ్బు వస్తుంది, అందులో ఎండ తగిలే చోట్ల చర్మం నల్లబడి పగిలిపోతుంది. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పరిశోధనాలయంలో, అంటే నేటి జాతీయ పోషకాహార సంస్థలో, డాక్టర్ సి. గోపాలన్ బృందం జొన్నలే ప్రధాన ఆహారంగా తినే దక్కను పేదలలో ఈ జబ్బును గమనించి, జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించింది. ఆ విటమిన్‌నే ఇప్పుడు సీసాలో పోసి ముఖానికి రాసుకుంటున్నాం. లోపం ఉన్నవారికి అది ప్రాణదాత. మంచి భోజనం చేసే మీకు నాకు అది పైపూతగా చేసే మేలు చాలా పరిమితమైనది. ఈ రెండింటినీ కలిపి ఆలోచించకూడదు.

ఆ పరిమిత మేలు ఎంత శాతానికి దొరుకుతుందన్నది ముఖ్యం. ముఖం మీద నూనె తగ్గుదలను కొలిచిన, 2006లో వెలువడిన అధ్యయనంలో వాడింది 2 శాతం నియాసినమైడ్. మచ్చలు, సన్నని గీతల మీద జరిగిన పేరొందిన పరిశోధనలో వాడింది 5 శాతం, వాడిన కాలం 12 వారాలు. 10 శాతం అనే అంకె సీసా మీద గొప్పగా కనిపిస్తుంది, కానీ శాతం రెట్టింపయితే ఫలితం కూడా రెట్టింపవుతుందని భావించకూడదు. సున్నితమైన చర్మానికి మంట మాత్రం పెరగవచ్చు. పైగా మీరు దానికి శాలిసిలిక్ యాసిడ్, నలుగు, ఆవిరి కూడా జోడించారు. శాలిసిలిక్ యాసిడ్ నూనెలో కరిగే గుణం వల్ల జిడ్డుతో నిండిన రోమకూపంలోకి దిగగలుగుతుంది, అందుకే ఇది ఈ సమస్యకు మంచి పదార్థం, కానీ మీ పద్ధతిలో ఏది మేలు చేసిందో ఏది కీడు చేసిందో తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు.

చర్మం కుదుటపడ్డాక మళ్లీ ప్రయత్నించదలిస్తే మా రంగంలో అనుసరించే పద్ధతినే మీరూ అనుసరించండి. ముందు చెవి వెనుక గానీ మోచేతి మడత దగ్గర గానీ వారం రోజులు రోజూ కొద్దిగా రాసి చూడండి. దురద, ఎరుపు లేకపోతే 5 శాతానికి మించని సీరం ఒకటి తీసుకుని, రాత్రి పూట మాత్రమే, ఒక్క ఎడమ బుగ్గకే రాయండి. కుడి బుగ్గకు సాదా మాయిశ్చరైజర్ చాలు. రెండు బుగ్గలూ ఒకే ఎండలో, ఒకే నీటిలో, ఒకే నెలసరి మార్పులలో ఉంటాయి కాబట్టి తేడా కనిపిస్తే అది సీరం వల్లనే అని మీకు నమ్మకం కుదురుతుంది. ఫొటోలు ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు, ముఖం కడిగిన అరగంట తర్వాత, ఫోను వెనుక కెమెరాతో ఒకే దూరం నుంచి తీయండి. చర్మం పైపొర మారడానికే దాదాపు నాలుగు వారాలు, వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ పడుతుంది కాబట్టి ఎనిమిది నుంచి పన్నెండు వారాల లోపు తీర్పు చెప్పుకోవద్దు.

జవాబు 2 (గుంటూరు, గృహిణి)

అమ్మాయీ, నీ ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నాకు 57 ఏళ్లు. పై అన్నయ్యగారు చెప్పిన శాస్త్రం నాకు తెలియదు, కానీ సీరం పనిచేయలేదన్న నిరాశలో మనుషులు తర్వాత చేసే పొరపాటు ఏమిటో నాకు బాగా తెలుసు, ఎందుకంటే అది నేను చేశాను.

మా పెద్దమ్మాయి పెళ్లికి నాలుగు నెలల ముందు నాకూ ఇలాగే ముఖం మీద రంధ్రాలు, మంగు మచ్చలు కనిపించి దిగులుపడ్డాను. తెలిసిన ఒకరు రాత్రిపూట రాసుకునే ఒక క్రీము పేరు కాగితం మీద రాసి ఇచ్చారు. మందుల షాపులో చీటీ అడగకుండానే ఇచ్చారు. పది రోజులు తిరగకముందే ముఖం నున్నగా, తెల్లగా, రంధ్రాలే లేనట్టు అయిపోయింది. పెళ్లిలో అందరూ మెచ్చుకున్నారు. ఆపితే రెండు రోజుల్లో ముఖం మండి ఎర్రబడేది, మళ్లీ రాస్తే చల్లబడేది. అలా ఏడాదిన్నర వాడాను. చివరికి బుగ్గల మీద సన్నని ఎర్రటి రక్తనాళాలు తేలాయి, గడ్డం మీద వెంట్రుకలు మొలిచాయి, వంటింట్లో పొయ్యి వేడి తగిలినా ముఖం కాలినట్టు ఉండేది. చర్మవైద్యురాలి దగ్గరకు వెళితే ఆ గొట్టాన్ని చూసి, ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా అని చెప్పారు. మామూలు మనిషిని కావడానికి నాకు దాదాపు పది నెలలు పట్టింది. రక్తనాళాలు ఇప్పటికీ కొన్ని కనిపిస్తాయి.

అందుకే చెబుతున్నాను. ఏ పూత అయినా వారం పది రోజుల్లో అద్భుతం చూపిస్తే సంతోషించకు, భయపడు. గొట్టం మీద మొమెటాసోన్, బెటామెథాసోన్, క్లోబెటాసోల్, ఫ్లుయోసినోలోన్ అన్న పేర్లలో ఏ ఒక్కటి కనిపించినా డాక్టరు చెప్పకుండా ముఖానికి తాకనీయకు. పదార్థాల జాబితాయే లేని డబ్బా అయితే ఇంట్లోకే రానీయకు.

నలుగు గురించి కూడా ఒక మాట. మా అమ్మ మాకు సున్నిపిండి పెట్టేది, కానీ ఒంటికి నూనె పట్టించి, పిండిని మెత్తగా జల్లించి, ఒంటి మీద తేమ ఉండగానే తేలికగా దులిపేది. ఈ కాలం పిల్లలు ఆరిపోయేదాకా ఉంచి గరగరా రుద్దుతున్నారు. ముఖానికి అది వద్దు. తలకు కొబ్బరినూనె పెట్టుకునే అలవాటు ఉంటే రాత్రి ఆ జడ, ఆ దిండు గలేబు బుగ్గకు తగలకుండా చూసుకో. మా చిన్నమ్మాయికి నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు ఆ నూనె దూరంగా ఉంచితేనే తగ్గాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అమ్మా, మీరు ఇంత కష్టం పడి, దాన్ని మా కోసం దాచకుండా చెప్పినందుకు మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మా ఇంట్లో ఉన్న గొట్టాలన్నీ ఈ సాయంత్రమే చూశాను. మీరు చెప్పిన పేర్లలో ఒకటి మా అత్తగారు మంగుకు వాడుతున్న క్రీములో ఉంది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ అని మూడు పేర్లు కలిపి ఉన్నాయి. ఆవిడను వెంటనే వైద్యుల దగ్గరకు తీసుకువెళుతున్నాను.

నేను అన్నీ ఆపి వారం రోజులైంది, మంట చాలా తగ్గింది. ఇంకో రెండు విషయాలు ముందే చెప్పవలసింది. అమెరికాలో, టెక్సస్‌లో ఉంటున్న మా చెల్లెలు క్రిందటిసారి వచ్చినప్పుడు 0.1 శాతం అడాపలీన్ జెల్ ఒకటి తెచ్చి ఇచ్చింది. అక్కడ దాన్ని చీటీ లేకుండానే అమ్ముతారని, రంధ్రాలకు సీరం కన్నా ఇదే మేలని చెప్పింది. నేను ఇంకా తెరవలేదు. రెండో విషయం, మేము ఈ సంవత్సరంలో రెండో బిడ్డ కోసం అనుకుంటున్నాం. ఆ జెల్ వాడవచ్చునా?

జవాబు 3 (విశాఖపట్నం, చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్న వైద్యురాలు)

అక్కా, ఆ జెల్‌ను తెరవకుండా అలాగే ఉంచండి. అడాపలీన్ రెటినాయిడ్ల కుటుంబానికి చెందిన మందు. బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు రెటినాయిడ్లను పైపూతగా కూడా వాడవద్దని మేము చెబుతాము. మీ చెల్లెలు చెప్పింది అబద్ధం కాదు, అమెరికాలో 2016 నుంచి ఆ శాతం జెల్‌ను మొటిమలకు చీటీ లేకుండా అమ్ముతున్నారు, మన దేశంలో మాత్రం అది వైద్యుల చీటీ మీద ఇవ్వవలసిన మందు. రోమకూపాల విషయంలో రెటినాయిడ్లకు సీరంల కన్నా బలమైన ఆధారం ఉన్న మాటా నిజమే, ఎందుకంటే అవి కుదురు నోట్లో కణాలు పేరుకోకుండా చూడటమే కాక కాలక్రమంలో చుట్టూ కొల్లాజెన్‌ను కూడా పెంచుతాయి. ఈ కుటుంబంలో మొదటిదైన ట్రెటినాయిన్ మొటిమల మీద పనిచేస్తుందని ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం 1969లో ప్రచురించింది. అంతకాలంగా వాడుకలో ఉన్న మందులే అయినా, మీ పరిస్థితిలో ఇప్పుడు వాటి అవసరం లేదు. సీరంలలో రెటినాల్, రెటినాల్డిహైడ్ అన్న పేర్లు కనిపించినా ఇదే మాట వర్తిస్తుంది.

మీకు మిగిలిన దారులు తక్కువేమీ కావు. నియాసినమైడ్ వాడుకోవచ్చు. అజెలాయిక్ యాసిడ్ అనే మందు గర్భిణులకు కూడా మేము రాసేది. అది రోమకూపాల నోళ్లు మూసుకుపోకుండా చూస్తుంది, మొటిమలు మిగిల్చిన నల్లమచ్చలనూ తగ్గిస్తుంది, మొదట్లో కొద్దిగా దురద పెట్టడం మామూలే. దాన్ని మీ దగ్గరలోని చర్మవైద్యులకు చూపించుకుని మొదలుపెట్టండి, సీరంతో కలిపి ఒకే రోజు ప్రారంభించవద్దు.

ఇంకొక విషయాన్ని ఇక్కడ ఎవరూ అడగలేదు, నాకు అదే అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది. మీకు ఇంటర్మీడియట్‌లో బుగ్గల మీద మొటిమలు విపరీతంగా వచ్చాయన్నారు. మీరు చూస్తున్నవన్నీ రోమకూపాలేనా, లేక వాటిలో కొన్ని మొటిమలు మిగిల్చిన గుంటలా? రోమకూపాలు ముక్కు మీదా, పక్కనా రెండు వైపులా దాదాపు సమానంగా, వరుసగా పరచుకుని ఉంటాయి. మొటిమ గుంటలు ఒకప్పుడు మొటిమ వచ్చిన చోటే, ఒకచోట రెండు, ఒకచోట ఐదు అన్నట్టు చెదురుగా, లోతుగా, సూదితో పొడిచినట్టు గానీ అంచులు తెగినట్టు గానీ ఉంటాయి. సమస్య గుంటలదైతే ఏ సీరం అయినా, ఎన్ని నెలలు రాసినా, అడుగున తెగిపోయిన పోగులను అతకలేదు. వాటికి సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చే చికిత్స (మైక్రోనీడ్లింగ్), లేజర్, గుంట గుంటకు విడిగా వేసే గాఢమైన యాసిడ్ వంటి పద్ధతులు ఉన్నాయి. మన గోధుమ, చామనఛాయ చర్మాల మీద ఆ చికిత్సలు తొందరపాటుగా చేస్తే చాలా కాలం నల్లమచ్చలు మిగులుతాయి కాబట్టి అనుభవం ఉన్న చర్మవైద్యుల చేతిలోనే చేయించుకోవాలి, పార్లర్లలో కాదు. చాలామంది ఈ రెండింటికీ తేడా తెలియక సీరం మీద సీరం కొని, తమ చర్మమే మొండిదని కుమిలిపోతూ మా ఓపీకి వస్తారు. వాళ్లను చూసినప్పుడల్లా ఈ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదని అనిపిస్తుంది.

ముక్కు మీద నొక్కితే సన్నని దారంలా తెల్లగా వచ్చేది బ్లాక్‌హెడ్ కాదు. అది ప్రతి మనిషికీ ఉండే సీబం పోగు. పీకినా నెల తిరగకుండానే మళ్లీ నిండుతుంది, కాబట్టి ముక్కు పట్టీలతో లాగవద్దు. నిజమైన బ్లాక్‌హెడ్ నల్లగా ఉండేది మురికి వల్ల కాదు, గాలి తగిలి రంగు మారడం వల్ల, అందుకే ఎంత కడిగినా అది పోదు.

నెలసరి క్రమం తప్పడం, గడ్డం మీద ముతక వెంట్రుకలు, హఠాత్తుగా జిడ్డు పెరగడం ఉంటే పీసీఓఎస్ (అండాశయాలకు, హార్మోన్లకు సంబంధించిన సమస్య) ఉందేమో పరీక్ష చేయించుకోండి. బిడ్డ కోసం అనుకుంటున్నారు కాబట్టి అది ఎలాగూ తెలియడం మంచిది. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు గీసినంత ముఖానికీ మెడకూ రాయండి. గోదావరి జిల్లాల ఎండలో బడి మైదానంలో ప్రార్థనకు నిలబడే మీలాంటివారికి ఇది సీరం కన్నా ముందు వరుసలో ఉండాలి.

పై గుంటూరు అమ్మగారు చెప్పిన క్రీముల గురించి ఒక్క మాట చేర్చుతాను. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. అయినా అవి వాడి పాడైన ముఖాలను మేము ఇప్పటికీ చూస్తున్నాం. ఉపాధ్యాయిని అక్కా, మీ అత్తగారిని ఆ క్రీము ఒక్కసారిగా ఆపించకుండా ముందు వైద్యులకు చూపించండి, చాలా కాలంగా వాడుతున్నవారిలో హఠాత్తుగా ఆపితే మంట విపరీతంగా తిరగబెట్టవచ్చు.

ప్రశ్న అడిగినవారు (మూడు నెలల తర్వాత)

మీరందరూ చెప్పినట్టే చేశాను కాబట్టి ఫలితం రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. మూడు వారాలు పూర్తిగా విశ్రాంతి ఇచ్చాక చర్మం మామూలుగా అయింది. ఆ తర్వాత చెవి వెనుక పరీక్ష చేసి, 5 శాతం నియాసినమైడ్ సీరంను రాత్రి పూట ఎడమ బుగ్గకూ, ముక్కు ఎడమ వైపుకూ మాత్రమే పది వారాలు రాశాను. ప్రతి ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు మా వసారా కిటికీ దగ్గర మా వారు ఫొటో తీశారు.

నాలుగో వారం వరకు ఫొటోలలో ఏ తేడా లేదు, మధ్యలో ఆపేద్దామని కూడా అనుకున్నాను. ఆరో వారం నుంచి మధ్యాహ్నం టిష్యూ కాగితం అద్దితే ఎడమ వైపు జిడ్డు మరక కుడి వైపు కన్నా చిన్నదిగా ఉంటున్నది. పదో వారం ఫొటోలో ముక్కు ఎడమ పక్కన రంధ్రాలు కొద్దిగా సన్నబడినట్టు నాకూ, ఏ వైపు రాస్తున్నానో చెప్పకుండా చూపించిన మా చెల్లెలికీ అనిపించింది. బుగ్గ మధ్యలో ఉన్నవి మాత్రం ఏమీ మారలేదు. చర్మవైద్యులకు చూపిస్తే డాక్టరమ్మగారు అనుమానించినదే నిజమైంది: బుగ్గ మధ్యలో ఉన్నవి రోమకూపాలు కావట, పాత మొటిమల గుంటలట. వాటి చికిత్స బిడ్డ పుట్టాక చూద్దామని చెప్పి, ఇప్పటికి అజెలాయిక్ యాసిడ్ రాసి ఇచ్చారు. ఇన్నేళ్లూ ఒకే పేరుతో పిలిచి బాధపడినవి రెండు వేర్వేరు విషయాలని తెలియడమే నాకు పెద్ద ఊరట. అత్తగారికి కూడా వైద్యులు ఆ క్రీమును క్రమంగా తగ్గిస్తూ ఆపించారు, మంగు కొద్దిగా తిరిగి వచ్చింది గానీ మంట లేదు.

ఇక నుంచి సీరం రెండు వైపులా రాస్తాను. రసాయన శాస్త్రం అన్నయ్యగారూ, ఒక చిన్న సందేహం. మొదట కొన్న 10 శాతం సీసాలో సగం అలాగే మిగిలి ఉంది. దాని మీద మూత తెరిచిన డబ్బా బొమ్మలో 6 అనే అంకె ఉంది. తెరిచి దాదాపు అయిదు నెలలైంది. మాయిశ్చరైజర్‌లో కలిపి పలుచన చేసి చేతులకు వాడుకోవచ్చునా?

జవాబు 1 రాసినవారు

ఆ అంకె సీసా తెరిచిన రోజు నుంచి లెక్కించవలసిన నెలలను సూచిస్తుంది, కాబట్టి మీకు ఇంకా ఒక నెల గడువు ఉంది. వెనుక ముద్రించిన గడువు తేదీ అంతకన్నా ముందే వస్తే దాన్నే పాటించండి. రంగు, వాసన మారకపోతే చేతులకు రాసుకోవచ్చు, అయితే సీసాలో ఏమీ కలపకండి. అరచేతిలో మాయిశ్చరైజర్ తీసుకుని అందులో రెండు చుక్కలు వేసి అప్పటికప్పుడు రాసుకోండి. నెల తర్వాత ఎంత మిగిలినా పారేయండి.